ప్రమాణం చేసేవారు, ప్రమాణం అడిగేవారు

సంస్కృత తర్కశాస్త్రం నుంచి తెలుగులోకి వచ్చిన మాటలకు దారిలో ఏదో అయింది. అక్కడ అనుమానం అంటే పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం, జ్ఞానానికి నమ్మదగిన దారుల్లో ఒకటి. ఇక్కడ అనుమానం అంటే శంక. ముదిరితే కాపురాలు కూల్చే జబ్బు. పెనుభూతం అని సామెత కూడా దాని మీద ఉంది. కన్నడంలోనూ ఈ మాటకు ఇదే గతి పట్టింది. అక్కడ ప్రతిజ్ఞ అంటే వాదంలో మొదటి వాక్యం, నేను నిలబెట్టబోయేది ఇదీ అని చెప్పడం. ఇక్కడ ప్రతిజ్ఞ అంటే భీష్ముడు చేసినది. కాకపోతే 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో రాసినది, బడిపిల్లలు చెయ్యి చాచి చెప్పేది. అక్కడ ప్రమాణం అంటే సరైన జ్ఞానానికి సాధనం. ఇక్కడ ప్రమాణం అంటే ఒట్టు.

మూడు మాటలూ ఒకే వాలు మీద జారాయి. శాస్త్రంలో ఒక వాక్యానికీ మరో వాక్యానికీ ఉన్న లంకెను చెప్పిన పదాలు తెలుగులో ఒక మనిషికీ అతని మాటకూ ఉన్న లంకెను చెప్పే పదాలయ్యాయి. పొగకూ నిప్పుకూ ఉన్న విడదీయరాని లంకె, శాస్త్రం వ్యాప్తి అనేది, మన సామెతలోనూ ఉంది. కానీ నిప్పు లేనిదే పొగ రాదు అని మనం ఎప్పుడంటాం? పక్కింటివాళ్ల గురించి మాట్లాడేటప్పుడు. అన్నంభట్టు తెలుగువాడే. పదిహేడో శతాబ్దంలో ఆయన రాసిన తర్కసంగ్రహంతోనే ఇప్పటికీ దేశమంతటా తర్కం చదవడం మొదలుపెడతారు. అందులో కొండ మీద పొగ లేస్తే వంటిల్లు దృష్టాంతంగా నిప్పు రుజువవుతుంది. ఆయన సొంత భాషలో అదే పొగ ఊరివాళ్ల పరువు మీదికి పోయింది.

రుజువు అన్నాను కాబట్టి దాని సంగతి కూడా. దీన్ని ఋజువు అని రాసి, ఋజుమార్గం, ఋజువర్తన పక్కన కూర్చోబెట్టేవాళ్లున్నారు. నిరూపణ అంటే తిన్నని దారి అనుకోవడం బాగానే ఉంటుంది. కానీ ఇది కచేరీల ద్వారా, లెక్కల చిట్టాల ద్వారా వచ్చిన మాటే అని నాకు తోస్తుంది. అరబీలో రుజూ అంటే వెనక్కి తిరగడం. మరాఠీ దస్తావేజుల్లో అది లెక్కను అసలుతో పోల్చి సరిచూడడమైంది. కన్నడంలో రుజు అంటే సంతకం, రుజువాతు అంటే నిరూపణ. ఇక్కడా చివరికి తేలింది మనిషి సంతకమే.

ప్రమాణానికి ధాతువు మా, కొలవడం. మాత్ర, పరిమాణం, ఉపమానం, అనుమానం అన్నీ ఆ కొలతలోంచి వచ్చినవే. అవమానం, అభిమానం మాత్రం వేరే ఇంటివి, తలచడం అనే అర్థమున్న మన్ ధాతువుకు చెందినవి. బాగా కొలిచేది ప్రమాణం. అందుకే ఇనుప కడ్డీలకూ మంచినీళ్ల సీసాలకూ ప్రమాణాలుంటాయి, భాషకు ప్రామాణిక రూపం ఉంటుంది, వాదనకు ప్రమాణ గ్రంథం ఉంటుంది. సంస్కృతంలో ఒట్టుకు శపథం అనే మాట వేరే ఉంది. మనం ఆ శపథాన్ని మంగమ్మకిచ్చి పంతం అనే అర్థంలో స్థిరపరిచాం, ఒట్టుకు ప్రమాణాన్ని తెచ్చుకున్నాం. బ్రౌన్ 1852లో నిఘంటువు వేసేనాటికే ఈ అర్థం స్థిరపడి ఉంది. చిత్తూరు జిల్లా కాణిపాకంలో కోనేట్లో మునిగి వచ్చి వరసిద్ధి వినాయకుడి ముందు చేసేది సత్యప్రమాణం. రాజకీయ నాయకులు టీవీల్లో ఒకరినొకరు సవాలు చేసుకునేది దానికోసమే. డబ్బు తిన్నాడా లేదా అన్నది తేల్చడానికి రశీదులూ ఖాతాలూ అనే ఒక ప్రమాణం ఉండగా, తడిబట్టలతో చేసే మరో ప్రమాణానికి పిలుస్తారు. రెంటికీ పేరు ఒకటే కాబట్టి ఒకదాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చున్నా చెవికి తేడా తెలియదు.

తేడా మాత్రం ఉంది. ఒట్టులో మనిషి తనను తాను తాకట్టు పెడతాడు. తన కళ్లో, తన బిడ్డలో, తన పరలోకమో. అబద్ధమైతే అవి పోవాలి. మాటకు బలం ఆ తాకట్టులోంచి వస్తుంది. గణితంలో నిరూపణకు తాకట్టు లేదు. చెప్పినవాడు దొంగైనా, తాగుబోతైనా, పదేళ్ల పిల్లైనా మెట్లు సరిగ్గా ఉంటే సిద్ధాంతం నిలుస్తుంది. నిరూపణ అంటే మనిషిని తీసేసిన ప్రమాణం అని నాకనిపిస్తుంది. సిద్ధాంతం మాట వచ్చింది కనుక: లెక్కల పుస్తకంలో అది పైథాగరస్‌ది, పార్టీ ఆఫీసులో మార్క్స్‌ది, సిద్ధాంతిగారింట్లో పంచాంగానిది. మూడు చోట్లా ధీమా ఒకే మోతాదులో వినిపిస్తుంది.

మన గణితంలోనూ ప్రమాణం పాత మాటే. త్రైరాశికంలో మొదటి రాశి పేరు ప్రమాణం, రెండోది ఫలం, మూడోది ఇచ్ఛ. 5 రూపాయలకు 3 కాయలైతే 20 రూపాయలకెన్ని? ఇందులో 5 ప్రమాణం, 3 ఫలం, 20 ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో హెచ్చించి ప్రమాణంతో భాగిస్తే 12. కోరికను కొలతతో భాగించడం అని ఎవరైనా వేదాంతం చెప్పబోతే ఆపండి, అది పాత లెక్కల అయ్యవార్లు పెట్టిన పేరు, అంతే. ఈ త్రైరాశికం తెలుగులోకి వచ్చిన తీరు మాత్రం మన చర్చకు పనికొస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. ఆయన జైనుడు, స్తుతి జినుడికి. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు చేశాడు. ఆయన శైవుడు. జైన ప్రస్తావనలు తీసి శైవ ప్రస్తావనలు పెట్టాడు. మన సాహిత్య చరిత్రలో అనువాదకుడు మూలానికి చేసిన మార్పుల మీద ఎన్ని పేజీలు ఖర్చయ్యాయో మనకు తెలుసు. ఇక్కడ దేవుడు మారాడు. త్రైరాశికం మారలేదు, మారాలని మల్లనకూ తోచలేదు.

మల్లన తర్వాత శతాబ్దంలో, 1150లో, భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణి రాశాడు. ఉపపత్తి, అంటే నిరూపణ, లేని గణకుడికి పెద్దల సభలో గౌరవం దక్కదు, తనకు తానైనా సందేహం తీరదు అని అందులో ఒకచోట అంటాడు. తెలుగు మీడియంలో జ్యామితి చదివినవాళ్లకు ఉపపత్తి తెలిసిన మాటే. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఆ తర్వాత ఉపపత్తి. భాస్కరుడు దానికి రెండు పనులు అప్పగించాడు. ఒకటి సభలో, ఒకటి మనసులో. మొదటిది ఎదుటివాణ్ణి ఒప్పించడం, రెండోది తన శంక తీర్చుకోవడం. ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. ఒక్కోసారి సభ ఒప్పుకున్నాక కూడా మనసు ఒప్పుకోదు, ఒక్కోసారి మనసుకు ఎప్పుడో తెలిసిపోయినది సభకు చెప్పడం చేతకాదు.

చేతకానివాళ్లలో అందరికన్నా పెద్దవాడు రామానుజన్. 1910 చివర్లో ఉద్యోగం లేక నోటుపుస్తకాలు చంకన పెట్టుకుని తిరుగుతున్న అతన్ని నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు దగ్గరికి పంపారు. రామచంద్రరావుకు గణితం ఇష్టం, గణిత సంఘంలో బాధ్యతలు కూడా ఉన్నాయి. అయినా ఆ పుస్తకాల్లోని అసలు సరుకు అందే స్థాయి ఆయనది కాదు. కొన్ని తేలిక ఫలితాలు చూశాడు, మనిషిని చూశాడు, నెలకు 25 రూపాయలు సొంత డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాడు. తార్కికుల భాషలో ఇది శబ్దప్రమాణం. ఆప్తుడి మాట, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడి మాట, కాబట్టి తీసుకోవడం.

1913 జనవరి 16 తేదీతో, అప్పటికి గుమస్తాగా ఉన్న రామానుజన్ రాసిన ఉత్తరం కేంబ్రిడ్జిలో గణితజ్ఞుడు హార్డీకి అందింది. నిండా సూత్రాలు, నిరూపణ ఒక్కదానికీ లేదు. హార్డీ నాస్తికుడు, ఊరికే నమ్మకం లేనివాడు కాదు, పట్టుదల గల నాస్తికుడు. ప్రార్థనాలయంలో అడుగుపెట్టనంత. నిరూపణ విషయంలోనూ అంతే పట్టుదల. ఇంగ్లీషు గణితానికి కఠినమైన నిరూపణను అలవాటు చేసినవాళ్లలో ముందువరసలో ఉన్నాడు. అలాంటివాడు ఆ ఉత్తరంలోని కొన్ని సూత్రాల గురించి తర్వాత రాసుకున్నదాని సారం ఇది: అవి నిజమే అయివుండాలి, అబద్ధమైతే వాటిని కల్పించగల ఊహాశక్తి ఎవరికీ ఉండదు. ఇది ఉపపత్తి కాదు కదా. ముక్కూముఖం తెలియని గుమస్తా ఆప్తుడని తేల్చుకోవడం. నామక్కల్ నామగిరి అమ్మవారు కలలో సూత్రాలు చెబుతుందని రామానుజన్ తరఫువాళ్లు అనేవారు. హార్డీకి ఆ కథ రుచించదు. రామానుజన్ ఒకసారి తనతో మతాలన్నీ ఇంచుమించు సమానంగా నిజమే అనిపిస్తాయి అన్నాడని ఆయన గుర్తుచేసుకుంటాడు. అయినా నెల్లూరు కలెక్టరు చేసిన పనే కేంబ్రిడ్జి నాస్తికుడూ చేశాడు. ముందు మనిషిని నమ్మాడు.

తేడా తర్వాత వస్తుంది. ఆ ఉత్తరంలో ప్రధాన సంఖ్యల గురించి రామానుజన్ చెప్పినవాటిలో తప్పులున్నాయి. ఒక సంఖ్య లోపు ఎన్ని ప్రధాన సంఖ్యలుంటాయో దాదాపు కచ్చితంగా చెప్పే సూత్రం తన దగ్గరుందనుకున్నాడు. లేదు. సంకీర్ణ సంఖ్యల ప్రమేయాల శాస్త్రం అతనికి తెలియదు, జీటా ప్రమేయపు సంకీర్ణ శూన్యాలు ఆ లెక్కలో చేసే అల్లరి అతని కంటపడలేదు. హార్డీ ఆ సంగతి దాచలేదు, ఆప్తుడన్న గౌరవమూ తగ్గించలేదు. ఆప్తుడి మాట తప్పయితే మతంలో ఆప్తత్వానికే ముప్పు. అందుకే వ్యాఖ్యాత దిగి, తప్పులా కనిపించినది నిజానికి గూఢార్థమని చెప్పాలి. గణితంలో ఆ శ్రమ ఎవరూ పడలేదు. అమ్మవారు పొరపాటు పడిందని అనాల్సిన అవసరమూ రాలేదు.

ఆ ప్రధాన సంఖ్యల దగ్గరే ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే నాస్తికుల తొలి వాదం అక్కడే దొరుకుతుంది. 10 లక్షల లోపు ప్రధాన సంఖ్యలు 78,498. గౌస్ నుంచి వచ్చిన సమాకలనపు అంచనా ఇచ్చేది సుమారు 78,628. అంచనా కాస్త ఎక్కువ. 100 కోట్ల లోపు చూస్తే అసలు సంఖ్య 5,08,47,534, అంచనా దానికన్నా 1,700 ఎక్కువ. ఎంత దూరం లెక్కపెట్టినా అంచనాదే పైచేయి. ఏ రంగంలోనైనా ఇన్ని కోట్ల సాక్షులు ఒకే మాట చెబితే తీర్పు ఇచ్చేస్తారు. 1914లో హార్డీ సహచరుడు లిటిల్‌వుడ్ ఎక్కడో ఒకచోట అసలు సంఖ్య అంచనాను దాటుతుందని, అలా పైకీ కిందికీ మారడం అనంతసార్లు జరుగుతుందని నిరూపించాడు. ఎక్కడ? 1933లో అతని శిష్యుడు స్క్యూస్ ఇచ్చిన హద్దు రాయాలంటే 10 మీద 10, దాని మీద 10, దాని మీద 34 ఘాతాలుగా పేర్చాలి. ఇప్పటి అంచనా 317 అంకెల సంఖ్యల దాకా దిగింది. ఒక్కొక్కటీ లెక్కపెడుతూ అక్కడికి చేరుకోగల యంత్రం లేదు. ప్రత్యక్షంగా ఎవరూ చూడని, ఎవరూ చూడలేని సంగతి. అయినా అందరూ ఒప్పుకున్నదే.

ప్రాచీన నాస్తికులైన చార్వాకులు తార్కికుల మీద వేసిన ప్రశ్న ఇదే. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని మీకెలా తెలుసు? ఎన్ని వంటిళ్లు చూశారు? చూడనివి ఎన్ని? వాళ్లకు ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం, వ్యాప్తి అనే వంతెన దాటడానికి ఒప్పుకోలేదు. వాళ్ల గ్రంథాలు మనకు చేరలేదు. తిట్టినవాళ్ల గ్రంథాల్లో పూర్వపక్షంగా మిగిలారు. మన చదువుల్లో వాళ్లను అప్పు చేసి నెయ్యి తాగేవాళ్లుగా రెండు ముక్కల్లో తేల్చేస్తారు, అది అన్యాయం. వ్యాప్తి మీద వాళ్ల శంకను తూచా తప్పకుండా పాటించే వృత్తి ఈనాడు ఒక్కటే ఉంది, అది గణితం. కోటి ఉదాహరణలు చూపినా గణితజ్ఞుడు తలూపడు. పోలియా 1919లో చేసిన ఊహ ఒకటి 90 కోట్ల దాకా ఎక్కడా తప్పలేదు. 90,61,50,257 దగ్గర తప్పింది. అయితే చార్వాకుడు వంతెన దాటనని కూర్చున్న ఒడ్డునే గణితజ్ఞుడు కూర్చోడు. కళ్లతో చూడని అనంతాన్ని ఒక్కసారిగా పట్టే సాధనాలు తయారుచేసుకున్నాడు, ఇంటర్మీడియట్ పుస్తకంలో గణితానుగమనం అని కనిపించేది అందులో ఒకటి. శంక చార్వాకుడిది, ధైర్యం తార్కికుడిది, అంటే నైయాయికుడిది.

ఇంత శంకించేవాళ్లు నమ్మకాలు లేకుండా బతుకుతారా అంటే, లేదు. రీమాన్ 1859లో చేసిన పరికల్పన ఇంకా పరికల్పనే. జీటా సంకీర్ణ శూన్యాలు ఒక గీత మీదే ఉంటాయన్నది దాని మాట. అనంతసంఖ్యలో అక్కడ ఉన్నాయని హార్డీ 1914లో నిరూపించాడు, అన్నీ అక్కడే ఉన్నాయని ఎవరూ నిరూపించలేదు. యంత్రాలు లక్షల కోట్ల శూన్యాలను సరిచూశాయి, అన్నీ గీత మీదే. చాలామంది నిజమని నమ్ముతారు. నిజమనుకుంటే అని మొదలయ్యే పేపర్లు లెక్కలేనన్ని, స్క్యూస్ హద్దు కూడా అలా మొదలైనదే. లిటిల్‌వుడ్ మాత్రం అది అబద్ధమని తాను నమ్ముతున్నట్టు తర్వాతి రోజుల్లో రాశాడు. నమ్మనందుకు అతన్ని ఎవరూ సంఘం నుంచి వెలివేయలేదు. హార్డీ గురించి చెప్పుకునే కథ ఒకటుంది. డెన్మార్క్ నుంచి తిరిగొస్తూ, సముద్రం అల్లకల్లోలంగా ఉందని చూసి, ఓడ ఎక్కేముందు గణితజ్ఞుడు హరాల్డ్ బోర్‌కు కార్డు రాశాడట, రీమాన్ పరికల్పనను నిరూపించేశానని. తనంటే గిట్టని దేవుడు అంత కీర్తితో తనను చావనివ్వడు కాబట్టి ఓడ మునగదు. దేవుడు లేడన్నవాడు దేవుడితో వేసిన ఈ ఎత్తులో ఒక్క విషయం మాత్రం హాస్యం కాదు. నిరూపించానన్న మాట ఒక్కటి, నిరూపణ లేకుండా, హార్డీ నోట వస్తే లోకం కొంతకాలమైనా నమ్ముతుంది. ఆప్తవాక్యం ఎంత బలమైనదో అతనికి బాగా తెలుసు.

ఇక్కడ మన దర్శనాల్లో పాత తగాదా ఒకటి గుర్తుకొస్తుంది. జ్ఞానం సరైనదని ఎలా తెలుస్తుంది? మీమాంసకుడు దానంతటదే అంటాడు, తప్పని తేలేదాకా అది ఒప్పే. దాని పేరు స్వతఃప్రామాణ్యం. నైయాయికుడు ఒప్పుకోడు, వేరొకటి వచ్చి బలపరచాలి, అది పరతఃప్రామాణ్యం. ఇద్దరికీ వేదం ప్రమాణమే. నైయాయికుడికి అది ఈశ్వరుడనే ఆప్తుడు చెప్పింది కాబట్టి. మీమాంసకుడికి అది ఎవరూ చెప్పలేదు కాబట్టి. అపౌరుషేయం. చెప్పినవాడే లేనప్పుడు చెప్పినవాడి దోషం ఎక్కడినుంచి వస్తుంది? కుమారిలభట్టు సృష్టికర్తను ఒప్పుకోడు, అయినా ఆస్తికుల్లో అగ్రగణ్యుడు. నాస్తికుడు అనే మాటకు పాణిని సూత్రంలో ఉన్నది, లేదు అనే మతి గలవాడు అనే. ఏది లేదంటాడో సూత్రం చెప్పదు. వ్యాఖ్యాతలు పరలోకం అని పూరించారు, మనువు వేదనిందకుడన్నాడు. దేవుడు లేడనేవాడు అనే అర్థం ఆ తర్వాత వచ్చి స్థిరపడింది.

గణితజ్ఞుల కోరిక మీమాంసకులది. ఎవరూ చెప్పనట్టుండే నిరూపణ కావాలి. రోజువారీ పని మాత్రం నైయాయికంగా సాగుతుంది, వేరొకరు సరిచూడాలి. గోళాలను ఎంత కుదురుగా పేర్చినా పళ్లకొట్టువాళ్లు బత్తాయిలు పేర్చే తీరును మించలేమని కెప్లర్ 1611లో అన్నాడు. థామస్ హేల్స్ 1998లో నిరూపించానన్నాడు, అందులో పెద్ద భాగం కంప్యూటర్ లెక్క. 12 మంది పండితులు ఏళ్ల తరబడి పరీక్షించి 99 శాతం నిశ్చయం అన్నారు. అంతకుమించి తమవల్ల కాదన్నారు. 99 శాతం నిశ్చయం. ఈ ప్రయోగం విన్నప్పుడు తెలుగువాడికి నవ్వు రావాలి, నిశ్చయానికి శాతాలేమిటని. హేల్స్ కూడా దానితో తృప్తిపడలేదు. ప్రతి మెట్టునూ యంత్రం సరిచూసేలా మళ్లీ మొత్తం రాయించి 2014లో ముగించాడు. మరి ఆ యంత్రాన్ని ఎవరు సరిచూశారు? దానికింకొకరు, ఆ ఇంకొకరికి మరొకరు. దీనికి మన తార్కికుల పేరు అనవస్థ.

ఈ స్థితిని చూపి, చూశారా గణితం కూడా నమ్మకమే అనేవాళ్లు తరచుగా తగులుతారు. పద్యం లాంటి ధోరణిలో చెబుతారు, చప్పట్లు పడతాయి. నాకిది సోమరి వాదంగా కనిపిస్తుంది. గణితం మొదలయ్యేది స్వీకృతాలతో, ఆ తెలుగు మాట బాగా కుదిరింది. స్వీకరించడం వేరు, నమ్మడం వేరు. సమాంతర రేఖల గురించిన యూక్లిడ్ స్వీకృతాన్ని 1829లో లొబచెవ్‌స్కీ, 1832లో బొయాయీ పక్కనపెట్టి వేరే జ్యామితి కట్టారు. ఒకే అధ్యాపకుడు పొద్దున యూక్లిడ్‌ను, మధ్యాహ్నం లొబచెవ్‌స్కీని చెబుతాడు, మధ్యలో ప్రాయశ్చిత్తం అక్కరలేదు. నమ్మకాన్ని అలా పూటపూటకు మార్చుకోలేం. తెలుగులో నమ్మకం ఎప్పుడూ ఎవరి మీదో ఉంటుంది. నమ్మినబంటు, నమ్మకద్రోహం. విశ్వాసమూ అంతే, దాన్ని కుక్కకూ చర్చికి వెళ్లేవారికీ ఒకే మర్యాదతో వాడతాం. స్వీకృతానికి ద్రోహం చేయడం కుదరదు.

అటువైపువాళ్ల సోమరితనమూ చెప్పాలి. రుజువైనదే నమ్ముతాననే హేతువాది తాను చదవని నిరూపణల మీద, చూడని ప్రయోగాల మీద, ఎవరో సంతకం పెట్టిన నివేదికల మీదే రోజు గడుపుతాడు. అందులో సిగ్గుపడాల్సింది లేదు, కాకపోతే దాని పేరు శబ్దప్రమాణం. హేతువు కూడా ఆ తర్కం లోంచి వచ్చిన మాటే, అయిదు వాక్యాల వాదంలో రెండోది. హేతుశాస్త్రాన్ని పట్టుకుని వేదాన్ని తక్కువచేసేవాణ్ణి వెలివేయమన్నాడు మనువు. ఆ తిట్టును బిరుదుగా తగిలించుకున్నారు ఇరవయ్యో శతాబ్దపు తెలుగువాళ్లు. అంతవరకు నాకు ముచ్చటే.

దేవుడి ఉనికికి గణితపు నిరూపణ రాయబోయినవాడూ ఉన్నాడు, మామూలువాడు కాదు, గ్యోడెల్. తగినంత బలమున్న ఏ గణిత వ్యవస్థా, పొరపొచ్చాలు లేనిదైతే, తనలో పొరపొచ్చాలు లేవని తనంతట తాను నిరూపించుకోలేదని 1931లో చూపించినవాడు. స్వతఃప్రామాణ్యానికి అంత పెద్ద దెబ్బ కొట్టిన మనిషి 1970లో దైవాస్తిత్వానికి తర్కసూత్రాల్లో ఒక నిరూపణ రాసి మిత్రులకు చూపాడు. అచ్చువేయలేదు. తాను నిజంగానే దేవుణ్ణి నమ్ముతున్నానని జనం అనుకుంటారేమోనని వెనకాడినట్టు అతని మిత్రుడు మోర్గెన్‌స్టెర్న్ డైరీలో ఉంది. 2013లో బెంజ్‌ముల్లర్, వోల్ట్‌సెన్‌లోగెల్ పాలియో దాన్ని కంప్యూటర్‌కిచ్చారు. డానా స్కాట్ సవరించిన రూపంలో మెట్లు సరిపోయాయి. గ్యోడెల్ సొంతంగా రాసిన స్వీకృతాల్లో వైరుధ్యం ఉందని కూడా యంత్రమే తర్వాత పట్టింది. ఆ వార్త చదివి మతం పుచ్చుకున్నవాళ్లూ లేరు, వదులుకున్నవాళ్లూ లేరు. దేవుణ్ణి నమ్మేవాడికి కావలసిన ప్రమాణం అది కాదు, నమ్మనివాడు అడిగిన ప్రమాణమూ అది కాదు.

నమ్మనివాడు అడిగేదేమిటో గోరా జీవితం చూస్తే కొంత తెలుస్తుంది. గోపరాజు రామచంద్రరావు, 1902లో పుట్టి 1975లో పోయాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు తెచ్చాడు. దేవుడు లేడనడానికి నిరూపణల జాబితా రాస్తూ కూర్చున్నవాడు కాదు. గర్భిణిగా ఉన్న భార్య సరస్వతి గ్రహణం వేళ బయటికొచ్చి నిలబడింది. నిప్పుల మీద నడిచి, మహిమ అక్కరలేదని చూపించారు. సహపంక్తి భోజనాలు పెట్టారు. చార్వాకుడి ప్రత్యక్షం ఇది. గాంధీని కలిసి వాదించినప్పుడు, నా ఆస్తికత్వం ఒప్పనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను అన్న అర్థం వచ్చే మాట గాంధీ అన్నాడని గోరా రాసుకున్నాడు. గోరా పెద్దకూతురు మనోరమ పెళ్లి సేవాగ్రామ్‌లో జరగాలనుకున్నప్పుడు పేచీ వచ్చింది ప్రమాణం దగ్గరే. దేవుడి పేరు బదులు సత్యం పేరు వాడడానికి గాంధీ ఒప్పుకున్నాడు. 1948లో ఆ పెళ్లి జరిగేనాటికి ఆయన లేడు.

ఈ పేచీ పాతదే. 1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచిన చార్ల్స్ బ్రాడ్‌లా నాస్తికుడైనందున బ్రిటిష్ పార్లమెంటులో ఆరేళ్లు కూర్చోలేకపోయాడు. 1888లో చట్టం మారేదాకా ఊరుకోలేదు. మన రాజ్యాంగంలోని మూడో షెడ్యూలు రెండు దారులూ ముందే పెట్టింది. శాసనసభలో కొందరు దైవసాక్షిగా అంటారు, కొందరు ఆత్మసాక్షిగా అంటారు. పత్రికలు రెంటినీ ప్రమాణ స్వీకారమనే రాస్తాయి. ఆత్మ ఉందని నమ్మని నాస్తికుడు ఆత్మసాక్షిగా అనడంలో చిక్కు ఉంది, ఇంతవరకు ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. కోర్టుల సంగతి 1969 నాటి ప్రమాణాల చట్టం చూసుకుంటుంది. దేవుడి పేరు మీద చెప్పినా, ఊరికే గంభీరంగా చెప్పినా అబద్ధసాక్ష్యానికి శిక్ష ఒకటే. ఒట్టు తీసి గట్టున పెట్టమన్న సామెతను ఆ చట్టం ఏడో సెక్షను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. సాక్షితో ప్రమాణం చేయించడమే మరిచిపోయినా అతని సాక్ష్యం చెల్లుతుంది, నిజం చెప్పాల్సిన బాధ్యత కూడా అలాగే ఉంటుంది.